కాఫీకి రండి: ఒక రిటైర్మెంట్ కేకు డైరీ

మే 2, శుక్రవారం

మొన్న చందనోత్సవానికి సింహాచలం వెళ్ళొచ్చిన మా సూపరింటెండెంట్ మేడమ్ ఇవాళ సెక్షన్ అంతా తిరిగి ప్రసాదం పంచారు. పదకొండు కాగానే ఎప్పటిలా ఫ్లాస్కు మూత తిప్పుతూ "కాఫీకి రండి" అని పిలిచారు. నేను ఈ ఆఫీసులో చేరి ఆరేళ్ళయింది. ఆవిడ సెలవు పెట్టిన రోజులు తప్ప ఆ పిలుపు వినని రోజు లేదు. ఇంటి నుంచి తెచ్చిన అరకు కాఫీ డికాక్షన్, విడిగా పాలు, ఆరు చిన్న స్టీలు గ్లాసులు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి గ్లాసు.

ఈ నెల 31న ఆవిడ రిటైర్ అవుతున్నారు. శాలువా, దండ, సన్మాన పత్రం, సమోసా, మిక్చరు ఎప్పుడూ ఉండేవే. కేకు మాత్రం ఈసారి బయట కొనొద్దు, నేను చేసి తెస్తానని మీటింగులో అనేశాను. ఇంతవరకు స్నేహితుల పుట్టినరోజులకీ, పక్క సీటు తమ్ముడి పెళ్ళి కుదిరినప్పుడూ డజను కప్‌కేకులు చేసిన అనుభవమే నాది. ఇప్పుడు ముప్పై మందికి చెయ్యాలి. కోయడానికి ఒక పెద్ద కేకు, పంచడానికి 36 కప్‌కేకులు అనుకున్నాను.

క్యాలెండరు చూస్తే 31 శనివారం. మేడమ్ శనివారం గుడ్డు ముట్టరు, అప్పన్న స్వామి మొక్కు. ఆవిడే కాదు, లెక్కపెడితే మా ఆఫీసులో శనివారం గుడ్డు తిననివాళ్ళు తొమ్మిది మంది తేలారు. అసలు ఎప్పుడూ తిననివాళ్ళు ఇంకో నలుగురు. "గుడ్డుదొకటి, గుడ్డు లేనిదొకటి చేసెయ్యక్కా" అన్నాడు తమ్ముడు. అది నాకు ఒప్పలేదు. ఒకే గదిలో కొందరు ఈ ట్రే దగ్గర, కొందరు ఆ ట్రే దగ్గర నిలబడితే అది ఆవిడ ఆరు గ్లాసుల కాఫీలా ఉండదు. అందరూ ఒకే కేకులోంచి తినాలి. గుడ్డు లేనిదైనా, "గుడ్డు లేకపోయినా బానే ఉంది" అన్న మాట రానివ్వకూడదు.

రెండో చిక్కు ఉక్కపోత. విశాఖలో మే నెలాఖరు అంటే వంటింట్లో నిలబడితే చాలు, చీర వీపుకి అతుక్కుపోతుంది. మనుషులకే అలా ఉంటే వెన్నతో చేసిన ఐసింగ్ గతేమిటి?

మే 4, ఆదివారం

మొదట ఓవెన్ సంగతి. మాది 28 లీటర్ల ఓటీజీ. దాని గుండ్రటి మీట 180 దగ్గర పెడితే లోపల నిజంగా ఎంత వేడి ఉందో ఇంతవరకు ఎప్పుడూ చూడలేదు. ఓవెన్‌లో వేలాడదీసే థర్మామీటరు కొని పెట్టి, ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చి చూస్తే 160 మాత్రమే చూపించింది. ఇన్నాళ్ళూ నా కేకులు "ఇంకో పది నిమిషాలు, ఇంకో పది నిమిషాలు" అని ఎందుకు బతిమాలించుకున్నాయో ఇప్పుడు అర్థమైంది. మీట 200 దగ్గర పెడితే లోపల 175, 180 మధ్య వస్తోంది. మీట పక్కన చిన్న కాగితం అతికించాను.

ఇంకోటి కూడా తెలిసింది. బ్రెడ్డు ముక్కలు ట్రే నిండా పరిచి పది నిమిషాలు ఉంచితే వెనక కుడి మూల ముక్కలు ముందే మాడాయి. అంటే సగం టైము అయ్యాక ట్రేని తిప్పాలి. కానీ పిండి ఇంకా నిలదొక్కుకోకముందే తలుపు తీస్తే కేకు కుంగుతుంది. కప్‌కేకులకి పన్నెండో నిమిషం, పెద్ద కేకుకి ఇరవై ఐదో నిమిషం దాటాకే తీస్తాను.

మే 10, రెండో శనివారం

ఇవాళ ఐసింగ్ పరీక్షలు. వంటింట్లో థర్మామీటరు 34 చూపిస్తోంది.

బటర్‌క్రీమ్: ఉప్పు లేని వెన్న 200 గ్రాములు, ఐసింగ్ షుగర్ 400 గ్రాములు. కొట్టినప్పుడు ఎంత తెల్లగా, ఎంత తేలిగ్గా వచ్చిందో! పైప్ చేసి గులాబీ ఆకారం వేశాను. అరగంటకి గులాబీ రేకులు కలిసిపోయి అప్పడం అయింది. వెన్న కరిగేది 32, 35 మధ్యలోనే, నా వంటిల్లు ఇప్పటికే అక్కడ ఉంది. ఇందులో చెయ్యి తిరగడం తిరక్కపోవడం అన్న ప్రసక్తే లేదు. సగం వాడిన పంచదార పొడి ప్యాకెట్టు మూత సరిగ్గా పెట్టకపోతే సాయంత్రానికి గడ్డకట్టి కూర్చుంది, సముద్రపు తేమ.

విప్పింగ్ క్రీమ్, డబ్బాలో వచ్చే వెజిటబుల్ ఫ్యాట్ రకం: చల్లగా కొడితే గంటసేపు నిలబడింది. బయట బేకరీలు అదెందుకు వాడతాయో తెలుస్తోంది. కానీ తిన్నాక అంగిలి మీద పల్చటి పూత మిగిలిపోతుంది. కాఫీ కేకు తిన్నవాళ్ళ నోట్లో మిగలాల్సింది కాఫీ. వద్దు.

గనాష్: చాక్లెట్ రెండు వంతులు, ఫ్రెష్ క్రీమ్ ఒక వంతు. క్రీమ్ అంచుల్లో బుడగలు వచ్చేదాకా వేడిచేసి, సన్నగా తరిగిన చాక్లెట్ మీద పోసి, రెండు నిమిషాలు కదపకుండా వదిలి, మధ్య నుంచి బయటికి గుండ్రంగా కలపాలి. అచ్చంగా కోకో బటర్ ఉన్న చాక్లెట్‌తో చేసింది రెండు గంటలు గట్టు మీద ఉంచితే జారలేదు గానీ, వేలు తగిలితే వేలిముద్ర పడుతోంది. కోకో బటర్ బదులు వేరే కొవ్వు వేసే కాంపౌండ్ చాక్లెట్‌తో చేసింది గట్టిగా నిలబడింది, కానీ మైనం నమిలినట్టుంది. చివరికి మంచి డార్క్ చాక్లెట్ 250 గ్రాములు, కాంపౌండ్ 150, క్రీమ్ 200 కలిపాను. రుచి మొదటిది, నిలకడ రెండోది. ఇదే ఖాయం.

బొమ్మల్లో చూసే ఎత్తైన క్రీమ్ గోపురాలు చల్లటి దేశాల వంటింట్లోవి. మన ఉక్కకి నిలబడేవే మన కేకు మీద ఉండాలి, వాటిలోనే అందం వెతుక్కోవాలి. ఈ నిర్ణయం తీసుకున్నాక నా గుండె కాస్త కుదుటపడింది.

మే 11, ఆదివారం

పెద్ద కేకు, మొదటి ప్రయత్నం.

గుడ్డు కేకులో రెండు పనులు చేస్తుంది. కొట్టినప్పుడు గాలిని పట్టి ఉంచుతుంది, వేడి తగలగానే గట్టిపడి కేకుని నిలబెడుతుంది. గుడ్డు లేనప్పుడు గాలి కోసం వంటసోడా, పులుపు కలిసి పుట్టించే వాయువుని నమ్ముకోవాలి. నిలబెట్టడానికి మైదాలోని పిండిపదార్థం ఉడికి బిగుసుకోవాలి. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో అమెరికా ఇళ్ళల్లో గుడ్లు, వెన్న, పాలు లేకుండా వెనిగర్‌తో చేసుకున్న చాక్లెట్ కేకు పద్ధతి ఒకటుంది. అది నన్ను ఎప్పుడూ మోసం చెయ్యలేదు. అందులో కప్పు నీళ్ళు పోస్తారు. ఆ నీళ్ళ బదులు అరకు డికాక్షన్ పోస్తే?

గిరిజన సహకార సంస్థ (జీసీసీ) షాపులో కాఫీ పొడి తెచ్చాను. అరకు కొండల్లో గిరిజన రైతులు పండించే అరబికా ఇది, 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాఫీ ఫిల్టర్‌లో మామూలుగా మేం తాగే దానికంటే చిక్కగా దింపి, పూర్తిగా చల్లారనిచ్చాను.

ఒక 7 అంగుళాల టిన్నుకి నా లెక్క: మైదా 190 గ్రాములు, పంచదార 200, కోకో పొడి మూడు టేబుల్ స్పూన్లు, వంటసోడా ఒక టీస్పూను, ఉప్పు అర టీస్పూను. వీటిని రెండుసార్లు జల్లించాలి. వేరే గిన్నెలో చల్లారిన డికాక్షన్ 240 మిల్లీలీటర్లు, నూనె 75, వెనిగర్ ఒక టేబుల్ స్పూను. రెండూ కలపగానే చిన్న చిన్న బుడగలు లేస్తాయి. అప్పుడు చేతికి తొందర ఉండాలి. పిండి కనిపించకుండా పోతే చాలు, ఇంక తిప్పకూడదు, ఎక్కువ కలిపితే మైదా సాగుడు వచ్చి కేకు రబ్బరవుతుంది. 175 దగ్గర 38 నిమిషాలు. కొబ్బరి ఈనె గుచ్చి తీస్తే పొడిగా వచ్చింది.

చల్లారాక కోసి అత్తయ్యకి పెట్టాను. ఆవిడ నిదానంగా నమిలి, "ఇందులో గుడ్డు లేదంటే నమ్మను" అంది. ఆ మాట చాలు నాకు.

నూనె కేకుకి ఇంకో లాభం కూడా ఉంది. వెన్న కేకు ఫ్రిజ్‌లో పెడితే రాయవుతుంది, నూనె గడ్డకట్టదు కాబట్టి ఇది మెత్తగానే ఉంటుంది. అంటే రెండు రోజుల ముందే చేసి చుట్టిపెట్టుకోవచ్చు.

మే 17, శనివారం రాత్రి

కరెంటు పోయింది. కేకు ఓవెన్‌లోకి వెళ్ళిన పదిహేనో నిమిషం. ఇన్వర్టరు ఫ్యాన్లకీ లైట్లకీ సరిపోతుంది గానీ ఓటీజీ 1500 వాట్లు లాగుతుంది. నలభై నిమిషాల తర్వాత కరెంటు వచ్చేసరికి కేకు నడుమ బావిలా దిగిపోయింది. ఆ ముక్కల్ని కస్టర్డ్‌లో వేసి పిల్లలకి పెట్టాను.

కస్టర్డ్ అంటే గుర్తొచ్చింది. బర్మింగ్‌హామ్‌లో మందుల దుకాణం నడిపిన ఆల్ఫ్రెడ్ బర్డ్ భార్యకి గుడ్డు పడేది కాదు, ఈస్టూ పడేది కాదు. ఆవిడ కోసం 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడి, 1843లో ఈస్టు అక్కర్లేని బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. ఇంట్లో ఒక మనిషి తినలేకపోతే వంటనే మార్చేశాడాయన. నేను చేస్తున్నదీ ఆ దారిలోనే అనిపించి, కుంగిన కేకు బాధ సగం తగ్గింది.

ఏర్పాటు: 29 రాత్రి ఒక పొర, 30 తెల్లవారుజామున ఒక పొర. ఏదైనా చెడితే ఇంకోసారి చెయ్యడానికి 30 సాయంత్రం చేతిలో ఉంటుంది.

మే 18, ఆదివారం

కప్‌కేకుల రోజు. పొద్దున్నే ఎంవీపీ కాలనీ రైతు బజారుకి వెళ్ళాను. సువర్ణరేఖ మామిడి ఇంకా ఉంది. మన వైపు ముందుగా వచ్చే కాయ, ముచిక దగ్గర ఎర్రటి బుగ్గ, పీచు తక్కువ. నాలుగు కిలోలు తెచ్చి, గుజ్జు తీసి, జల్లెడ పట్టి, సగం ఫ్రీజర్‌లో దాచాను. నెలాఖరుకి ఈ కాయ దొరుకుతుందో లేదో అన్న భయం ఇంక లేదు.

పన్నెండు కప్పులకి: మైదా 180 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 20, పంచదార పొడి 150, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు, వంటసోడా పావు టీస్పూను, కమ్మటి పెరుగు 120 గ్రాములు, మామిడి గుజ్జు 120, నూనె 90 మిల్లీలీటర్లు, చిటికెడు ఉప్పు.

మొదటి విడతలో నేను వంటసోడా ముప్పావు టీస్పూను వేశాను, మామిడి పుల్లగా ఉందని. పైన ముదురు గోధుమరంగు, లోపల సబ్బు వాసన. సోడా ఎక్కువైతే పిండి త్వరగా ఎర్రబడుతుంది, పులుపుతో కలవకుండా మిగిలిన సోడా నాలుక మీద తెలిసిపోతుంది. పావు టీస్పూనే సరి.

రెండో విడత రుచి బాగుంది, కానీ ఇంకో తంటా. మా ఓవెన్‌లో ఆరు గుంటల ట్రే ఒక్కటే పడుతుంది. మొదటి ఆరూ గుమ్మటాల్లా లేచాయి. ఆ ఇరవై నిమిషాలూ గిన్నెలో ఎదురుచూసిన పిండితో చేసిన తర్వాతి ఆరూ పైన చదునుగా, కింద బరువుగా వచ్చాయి. 36 చెయ్యాలంటే ఆరు విడతలు. ఆఖరి విడత పిండి రెండు గంటలు కూర్చోవాలి!

ట్రే పట్టుకుని నిలబడి ఉంటే అత్తయ్య కూరగాయలు తరుగుతూ అడిగింది: "పకోడీల పిండిలో వంటసోడా ఎప్పుడు వేస్తావే?"

"ఆఖర్న, నూనె కాగాక."

"మరి దీనికెందుకు గంట ముందు వేసి కూర్చోబెట్టావు?"

ఇన్నేళ్ళు పకోడీలు వేసిన చేతికి ఈ సంగతి తట్టలేదు. పెరుగులో సోడా కలిపి బుస్సుమని పొంగేదాకా పక్కన పెట్టమని చాలామంది చెబుతారు. కంటికి బాగానే ఉంటుంది గానీ, ఆ పొంగు పోయినట్టే కదా, అది కేకు లోపల జరగాల్సింది. బేకింగ్ పౌడర్‌లో కొంత భాగం వేడికే పనిచేస్తుంది కాబట్టి కాస్త ఆగుతుంది, సోడా అసలు ఆగదు. ఇక నుంచి పొడి సరుకంతా తూచి ఆరు పొట్లాలు, తడి సరుకు ఆరు గ్లాసులు. ఒక ట్రే బయటికి రావడానికి రెండు నిమిషాల ముందు ఒక పొట్లం, ఒక గ్లాసు కలపడం. సాయంత్రం ఇలా చేసిన పన్నెండూ ఒకేలా లేచాయి.

పేపరు కప్పులు కేకుని వదిలేసి ఊడిపోవడం కూడా ఇవాళే తేలింది. ఓవెన్‌లోంచి తీశాక వేడి ట్రేలోనే వదిలేస్తే కింద ఆవిరి చేరి కాగితం తడిసి విడిపోతుంది. అయిదు నిమిషాలకే తీసి జాలీ మీద పెడితే చక్కగా అంటుకుని ఉంటున్నాయి.

మే 20, మంగళవారం

మామిడి క్రీమ్. గుజ్జు 300 గ్రాములు, పంచదార 60, కార్న్‌ఫ్లోర్ 15, నిమ్మరసం ఒక చెంచా. నీళ్ళు వద్దు. కార్న్‌ఫ్లోర్‌ని చల్లటి గుజ్జులోనే ఉండలు లేకుండా కలిపి, సన్నమంట మీద గరిట ఆపకుండా తిప్పాలి. బుడగలు వచ్చాక ఇంకో నిమిషం ఉడికితేనే పచ్చివాసన పోతుంది. చల్లారాక గరిట నుంచి జారకూడదు. కప్‌కేకు నడుమ చిన్న గుంట తీసి ఇది నింపి, పైన వేయించిన ఎండుకొబ్బరి కోరు చల్లాను. కరిగిపోయే ఐసింగ్ అసలు లేదు. కొరికితే లోపల మామిడి తగులుతుంది. గుంటలు తీసిన ముక్కలు పిల్లలు గిన్నె ఖాళీ చేశారు.

మే 25, ఆదివారం

కేకు మీద ఏం రాయాలి? బేకరీల్లో ఇంగ్లిషు అక్షరాలే రాస్తారు. నాకు తెలుగులోనే రాయాలని ఉంది. గనాష్‌ని కోన్‌లో పోసి స్టీలు పళ్ళెం మీద అభ్యాసం మొదలుపెట్టాను. "విశ్రాంత జీవిత శుభాకాంక్షలు" అనుకున్నాను. 7 అంగుళాల కేకు మీద ఆ వరుస పట్టదు. పట్టించినా క్ష పొట్ట పూడుకుపోతుంది, ర వత్తు పక్క అక్షరానికి తగులుతుంది. మన అక్షరాల గుండ్రం గనాష్‌కి ఎంత అనువో, వత్తులు అంత కష్టం. చెయ్యి ఆగిన చోటల్లా చుక్క లావైపోతుంది.

పళ్ళెం తుడుస్తూ, తుడుస్తూ ఉండగా తోచింది. "కాఫీకి రండి." ఒక్క వత్తు లేదు. అన్నీ గుండ్రటి అక్షరాలే. ఆరేళ్ళుగా రోజూ పదకొండింటికి వింటున్న మాట.

పదహారుసార్లు రాశాను. ఫ వంకరని ఒకే ఊపున తిప్పాలి, మధ్యలో ఆపితే కుదరదు. ర తలకట్టు ఆఖర్న పెట్టాలి.

మే 30, శుక్రవారం రాత్రి

రెండు పొరలూ సిద్ధం. కరెంటు పోలేదు. పొరల మీద గుమ్మటాన్ని కోసి చదును చేసి, ఒక్కోదాని మీద మూడు చెంచాల డికాక్షన్‌లో పంచదార కలిపి అద్దాను. నడుమ గనాష్, చుట్టూ పల్చటి మొదటి పూత, ఫ్రిజ్‌లో అరగంట, మళ్ళీ రెండో పూత. ఆ మొదటి పూత పొడిని పట్టేసుకుంటుంది, అది మానేస్తే పై పూతలో నలకలు తేలతాయి. తూకం వేస్తే రెండు కిలోలకి కాస్త తక్కువ. అక్షరాలు రాశాను. కి గుడి కొంచెం పెద్దదైంది, వదిలేశాను.

కప్‌కేకులు ఆరు విడతలు. పది గంటలకి మొదలుపెడితే ఒంటిగంట అయింది. మా ఆయన పొట్లాలు అందించారు.

మే 31, శనివారం

కేకుని ఒళ్ళో పెట్టుకుని వెళ్దామనుకున్నాను గానీ ఒడి ఎప్పుడూ పల్లంగానే ఉంటుంది. ఆటోలో కాళ్ళ దగ్గర చదునైన చోట తడిగుడ్డ పరిచి దాని మీద డబ్బా పెట్టాను, జారలేదు. స్పీడుబ్రేకర్ల దగ్గర ఆటో తమ్ముడు నేను చెప్పకుండానే నెమ్మదించాడు. ఫ్రిజ్‌లోంచి తీసిన కేకు డబ్బా మూత వెంటనే తెరిస్తే ఈ తేమకి గనాష్ మీద చెమట పట్టేస్తుంది. మూసి ఉంచితే ఆ నీరంతా డబ్బాకే పడుతుంది. అందుకే మా ఆఫీసరుగారి ఏసీ గదిలో నాలుగింటిదాకా మూత తియ్యలేదు. ఎంతమంది వచ్చి బతిమాలినా సరే.

నాలుగింటికి శాలువా, దండ, మాటలు అయ్యాయి. మూత తీశాను. మేడమ్ కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. ఇంకోసారి చదివారు. "ఎవరు రాశారమ్మా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా నా చెయ్యి పట్టుకున్నారు. తర్వాత, "ఇవాళ శనివారం కదా తల్లీ" అన్నారు మెల్లగా. గుడ్డు లేదు మేడమ్, దేంట్లోనూ లేదు అన్నాను. కోసిన మొదటి ముక్క మా అటెండర్ అన్నకి ఇచ్చారు, తర్వాతే తను తిన్నారు. తింటూ, "డికాక్షన్ చిక్కగా దింపావు" అన్నారు. అందరూ ఒకే బల్ల చుట్టూ నిలబడి తిన్నారు. ఏది ఎవరిదన్న ప్రశ్న రాలేదు.

అక్షరాలున్న భాగం చుట్టూ కోయించి, ఆ ముక్క వాళ్ళాయన కోసం డబ్బాలో పెట్టుకున్నారు. కప్‌కేకులు నాలుగు మిగిలితే సెక్యూరిటీ బాబాయికీ, ఆయన మనవళ్ళకీ ఇచ్చాం.

జూన్ 1, ఆదివారం

మధ్యాహ్నం మేడమ్ ఫోన్ చేశారు. మనవరాలు ఆ కేకు మళ్ళీ కావాలంటోందట. కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నట్టున్నారు, ఒక్కో కొలతా తిరిగి చదివి వినిపించారు. "వాళ్ళింట్లో, మా ఇంట్లో ఓవెన్ లేదమ్మా, ఎలా?" అన్నారు. కుక్కరు చాలు మేడమ్, అడుగున రెండు కప్పుల ఉప్పు పోసి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, గ్యాస్కెట్టూ విజిలూ తీసేసి మూత పెట్టండి, పది నిమిషాలు వేడెక్కాక టిన్ను లోపల పెట్టి సన్నమంట మీద నలభై, నలభై ఐదు నిమిషాలు, నీళ్ళు మాత్రం పొయ్యకండి అని చెప్పాను.

"నువ్వొస్తే నయం కదా," అన్నారు. "వచ్చే ఆదివారం పదకొండింటికి. కాఫీకి రా."

7 అంగుళాల టిన్ను, వెనిగర్ సీసా, కొబ్బరి ఈనె సంచిలో పెట్టి తలుపు పక్కన మేకుకి తగిలించాను.